మూడో రోజు రాత్రి

తాగి వచ్చినవాణ్ని క్యాజువాలిటీ ఇట్టే గుర్తుపడుతుంది. వాసన చెబుతుంది, మాట తడబాటు చెబుతుంది, వెంట వచ్చినవాళ్ల మొహాలు చెబుతాయి. తాగుడు ఆపేసి వచ్చినవాణ్ని గుర్తుపట్టడమే కష్టం. వాసన ఉండదు. ఒళ్లంతా చెమటలు కారుతుంటాయి, చేతులు ఆగకుండా వణుకుతుంటాయి. గోడ మీద పురుగులు పాకుతున్నాయంటాడు, లేని మనిషితో మాట్లాడతాడు. లారీ డ్రైవరైతే మంచం మీద కూర్చునే గాల్లో స్టీరింగు తిప్పుతాడు. తాపీమేస్త్రీ అయితే గోడకు సిమెంటు పూస్తున్నట్టు చెయ్యాడిస్తాడు. ఇంటివాళ్లు చెప్పేది దాదాపు ఎప్పుడూ ఒకటే: మానేశాడండీ, మానేసిన దగ్గర్నుంచే ఇలా అయిపోయాడు.

విజయవాడ పెద్దాసుపత్రికి ఇలాంటివాళ్లు నేరుగా రారు. మొదట గాలి సోకిందేమోనని తాయెత్తు కట్టిస్తారు. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర రెండు సెలైన్లు ఎక్కిస్తారు. ఫిట్స్ వచ్చాక 108కి ఫోన్ చేస్తారు. అవనిగడ్డ, చల్లపల్లి, ఉయ్యూరు దారిన బందరు రోడ్డు మీదుగా కొందరు, గుడివాడ వైపు నుంచి కొందరు, నూజివీడు, మైలవరం మెట్ట నుంచి ఇంకొందరు. కృష్ణ అవతలి ఒడ్డున తెనాలి, రేపల్లె వాళ్లు ఎక్కువగా గుంటూరు పెద్దాసుపత్రికి వెళ్తారు. ఏ ఒడ్డుదైనా కథ అదే.

మరికొందరికి ఆసుపత్రిలో ఉండగానే ఇది మొదలవుతుంది. బైకు మీంచి పడి కాలు విరిగి ఎముకల వార్డులో చేరిన మనిషి మొదటి రోజు బాగానే ఉంటాడు. నొప్పి తప్ప వేరే బాధ ఉండదు. మూడో రోజు రాత్రి సెలైన్ గొట్టం పీకేసి, కట్టుతోనే మంచం దిగి ఇంటికి బయల్దేరతాడు. పక్క మంచాలవాళ్లు పిచ్చెక్కిందంటారు. చేర్చుకునేటప్పుడే రోజూ ఎంత తాగుతావు, ఆఖరుసారి ఎప్పుడు తాగావు అని అడిగి కేసు షీటు మీద రాసుకుని ఉంటే ఆ రాత్రి తప్పేది. ఆ రెండు ప్రశ్నలకు పట్టేది నిమిషం.

ఈ కథనంలో నేను చెప్పదలచుకున్నది ఆ నిమిషం గురించే. తాగుడు వ్యసనం ఉన్న మనిషి తనంతట తాను మానసిక వైద్యుడి గది దాకా నడిచి వెళ్లడం అరుదు. క్యాజువాలిటీకి మాత్రం ఏదో ఒక రాత్రి వస్తాడు. తల పగిలో, రక్తం కక్కుకునో, ఫిట్స్ వచ్చో వస్తాడు. కుట్లు వేసి, సెలైన్ పెట్టి, తెల్లారాక పంపించేస్తే అతను మళ్లీ వస్తాడు, వచ్చిన ప్రతిసారీ ఇంకాస్త చెడిన లివర్‌తో వస్తాడు. వ్యసనానికి చికిత్స ఆ రాత్రే, ఆ మంచం మీదే మొదలుకావాలి.

బెజవాడ ఆసుపత్రుల ఊరు. సూర్యారావుపేట వీధుల్లో బోర్డు లేని మేడ వెతుక్కోవాలి. డెల్టా పల్లెల్లో ఎవరికి బాగోలేకపోయినా బెజవాడ తీసుకెళ్లండి అనే మాట రెండు మూడు తరాలుగా ఉంది. 1980లో సిద్ధార్థ అకాడమీ ప్రైవేటుగా మొదలుపెట్టిన వైద్య కళాశాల తర్వాత ప్రభుత్వపరమైంది. గుణదలలోని ఆ కళాశాలకు అనుబంధంగా ప్రభుత్వ సర్వజనాసుపత్రి నడుస్తోంది. ఆరోగ్య విశ్వవిద్యాలయం 1986లో ఈ ఊళ్లోనే ఏర్పడింది. 2023లో మచిలీపట్నంలోనూ ఏలూరులోనూ ప్రభుత్వ వైద్య కళాశాలలు తెరిచారు కాబట్టి దివిసీమ వాళ్లకూ కొల్లేటి లంకల వాళ్లకూ దూరం కొంత తగ్గింది. కేసు బరువైతే మాత్రం చివరికి అందరి దారీ బెజవాడకే.

డబ్బున్నవాళ్లకు సూర్యారావుపేటలో మానసిక వైద్యులు దొరుకుతారు. రోజు కూలీకి దొరికేది సర్వజనాసుపత్రే. అక్కడ మానసిక వైద్య విభాగం ఉంది. 2020లో రాష్ట్ర ప్రభుత్వం ప్రభుత్వాసుపత్రుల్లో 15 డీ-అడిక్షన్ కేంద్రాలు పెట్టింది, విజయవాడకూ ఒకటి వచ్చింది. ఓపీ పగలు నడుస్తుంది. ఫిట్స్ అర్ధరాత్రి వస్తాయి. రెండింటి మధ్య ఉండే ఆ కొన్ని గంటల్లోనే రోగులు జారిపోతారు.

ఒంట్లో జరిగేదేమిటి

మద్యం మెదడు వేగాన్ని తగ్గిస్తుంది. ఏళ్ల తరబడి రోజూ పోస్తుంటే మెదడు ఊరుకోదు, ఆ మందగింపుకు ఎదురు నిలబడి తన ఉద్రేకాన్ని తానే పెంచుకుంటూ పోతుంది. అప్పుడు మద్యం హఠాత్తుగా ఆగిపోతే, వరదలో బ్యారేజీ గేట్లన్నీ ఒక్కసారిగా ఎత్తేసినట్టు ఆ ఉద్రేకమంతా కిందికి దూకుతుంది. ఆఖరి గ్లాసు తర్వాత ఆరేడు గంటలకు వణుకు, చెమట, నిద్రలేమి మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు దాటి నాలుగో రోజు లోపు కొందరికి ఒళ్లు తెలియని సన్నిపాతం వస్తుంది. డాక్టర్లు దాన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు. సరైన చికిత్స లేని కాలంలో అది వచ్చినవాళ్లలో నూటికి 35 మంది దాకా చనిపోయేవాళ్లు. ఇప్పుడు సరిగ్గా చూసుకుంటే ఆ సంఖ్య 5 లోపే.

ఈ సంగతి తెలియని ఇళ్లలో, మానెయ్, మగాడివైతే ఈ రోజే మానెయ్ అని పౌరుషం పెడతారు. ఏళ్ల తరబడి పొద్దున్నే గ్లాసు పడందే చెయ్యి నిలవని మనిషి ఇంట్లో తలుపేసుకుని ఒక్కరోజులో మానెయ్యడం ప్రాణాపాయం. మానాల్సిందే, అయితే డాక్టరు కళ్ల ముందు మానాలి.

మందులు ఖరీదైనవి కావు, కొత్తవీ కావు. డయాజెపామ్, లోరాజెపామ్, జనం లిబ్రియం పేరుతో ఎరిగిన క్లోర్‌డయాజెపాక్సైడ్. మెదడు ఉద్రేకాన్ని ఇవి నెమ్మదిస్తాయి. మోతాదు మొదట ఎక్కువగా ఇచ్చి రోజురోజుకూ తగ్గిస్తూ ఆపేస్తారు. బోస్టన్‌లో గెయిల్ డొనోఫ్రియో అనే ఎమర్జెన్సీ డాక్టరు మద్యం వల్ల ఫిట్స్ వచ్చిన 186 మంది మీద చేసిన పరిశోధన 1999లో అచ్చయింది. ఉత్త సెలైన్ సూది పొందినవాళ్లలో 24 శాతానికి ఆరు గంటల్లోపు మళ్లీ ఫిట్స్ వచ్చాయి. ఒక్క లోరాజెపామ్ ఇంజెక్షన్ పొందినవాళ్లలో 3 శాతానికే వచ్చాయి. ఈ డాక్టరు పేరు గుర్తుంచుకోండి, ముందు మళ్లీ చెబుతాను.

ఇంకో ఇంజెక్షన్ ఉంది: బి1 విటమిన్, థయమిన్. దాని కథలో మన తీరానికి చాలా చోటుంది, కాస్త నిలబడి చెప్పుకోవాలి.

మద్రాసు సైన్యంలో సర్జన్‌గా పనిచేసిన జాన్ గ్రాంట్ మాల్కమ్‌సన్ 1835లో బెరిబెరి మీద ఒక పుస్తకం మద్రాసులో అచ్చు వేయించాడు. ఆ జబ్బుకు అప్పట్లో పేరుమోసిన ప్రాంతం ఉత్తర సర్కారులు, అంటే గంజాం నుంచి గుంటూరు దాకా మన తీరమంతా. కాళ్లు తిమ్మిరెక్కేవి, వాచేవి, గుండె ఆగి మనుషులు రాలిపోయేవాళ్లు. కారణం వంద ఏళ్లకు గాని పూర్తిగా తేలలేదు. తమిళ దేశంలో ఉప్పుడు బియ్యం తింటారు. వడ్లను ఉడకబెట్టి దంచుతారు కాబట్టి బి1 గింజ లోపలికి ఇంకి మిగులుతుంది. సర్కారు జిల్లాల్లో పచ్చి బియ్యం, అదీ మిల్లులో తెల్లగా పట్టించింది, దాని గంజి కూడా వార్చేసి తిన్నారు. విటమిన్ తవుడుతోనూ గంజితోనూ పోయింది.

ఆ విటమిన్‌ను శుద్ధి చేసి, 1936లో ప్రయోగశాలలో తయారుచేసి చూపించిన శాస్త్రవేత్త రాబర్ట్ రన్నెల్స్ విలియమ్స్. ఆయన పుట్టింది నెల్లూరులో, 1886లో, బాప్టిస్టు మిషనరీల ఇంట్లో. తెలుగు నేల మీద పుట్టిన మనిషి, తెలుగు తీరాన్ని పట్టి పీడించిన జబ్బుకు మందు చేశాడు. మన పాఠ్యపుస్తకాల్లో ఆయన పేరు ఉండాలని నాకు గట్టిగా అనిపిస్తుంది.

బెరిబెరి మన ఇళ్లలోంచి పోయింది. తాగుబోతు ఒంట్లో మాత్రం ఇంకా ఉంది. అతను అన్నం సరిగ్గా తినడు. తిన్నదాంట్లోని బి1ని మద్యం పేగులోంచి ఒంటికి ఎక్కనివ్వదు. బి1 బాగా తగ్గితే కళ్లు నిలవవు, నడక తూలుతుంది, మనసు గందరగోళమవుతుంది. కార్ల్ వెర్నికె 1881లో రాసిపెట్టిన లక్షణాలివి. చూసేవాళ్లకు ఈ మూడూ తాగిన మనిషి లక్షణాల్లాగే కనిపిస్తాయి, ప్రమాదమంతా అక్కడుంది. తాగి పడున్నాడులే, దిగితే లేస్తాడు అని వదిలేస్తే జ్ఞాపకశక్తి శాశ్వతంగా పోవచ్చు. పెళ్లాం పేరు గుర్తుంటుంది, పొద్దున ఏం తిన్నాడో గుర్తుండదు. ఆ తర్వాత ఏ డీ-అడిక్షన్ కేంద్రమూ ఆ మనిషిని వెనక్కి తేలేదు.

అందుకే మద్యానికి బానిసైన మనిషికి గ్లూకోజ్ ఎక్కించే ముందో, దానితో పాటో బి1 ఇంజెక్షన్ పడాలి. ఒంట్లో మిగిలిన కాస్త బి1నీ గ్లూకోజ్ ఖర్చుపెట్టేస్తుంది. ఊళ్లో ఎక్కించే సెలైన్ సీసాల్లో గ్లూకోజ్ ఉంటుంది, బి1 ఉండదు. ఆర్‌ఎంపీలకు శిక్షణ అంటూ ఇస్తే ఈ ఒక్క ముక్కతో మొదలుపెట్టాలి.

కూరలో కలిపే పొడి

డెల్టాలో ప్రతి ఊళ్లోనూ వినిపించే మాట ఇంకొకటుంది: మందు మాన్పించే మందు. భర్తకు తెలియకుండా కూరలోనో మజ్జిగలోనో కలిపి పెట్టమంటారు. ఆకుపసరు పేరుతో అమ్ముతారు, ప్రకటనలు వేస్తారు. కొన్నిచోట్ల మందుల షాపులో డైసల్ఫిరామ్ బిళ్లలు కొని పొడి చేసి కలుపుతారు. డైసల్ఫిరామ్ మంచి మందే, అయితే అది తనకు తెలిసి, తానే ఒప్పుకుని వేసుకునే మనిషికే. అది ఒంట్లో ఉండగా తాగితే మొహం ఎర్రబడుతుంది, వాంతులవుతాయి, గుండె దడదడలాడుతుంది, బీపీ పడిపోతుంది. లివర్ చెడినవాడికీ గుండెజబ్బు ఉన్నవాడికీ ప్రాణం మీదికి రావచ్చు. బిళ్ల ఆపేసినా రెండు వారాల దాకా దాని ప్రభావం పోదు.

క్యాజువాలిటీకి ఇలా వచ్చిన మనిషి పక్కన భార్య నిలబడి ఉంటుంది. కలిపానని చెబితే కొడతారేమో, పోలీసు కేసవుతుందేమో అని నోరు మెదపదు. ఆమెను పక్కకు పిలిచి, అమ్మా ఏమైనా కలిపారా, మిమ్మల్ని ఎవరూ ఏమీ అనరు అని అడిగే నర్సు ఆ రాత్రి ఒక ప్రాణం నిలబెడుతుంది. ఆ భార్య తప్పు చేసిందని నేను అనలేను. పదేళ్లుగా ఆమె అడగని గుమ్మం లేదు. ఒక్క గుమ్మంలోనూ భర్త జబ్బుకు సక్రమమైన చికిత్స ఉందని ఎవరూ చెప్పలేదు. ఆ మాట చెప్పనందుకు బాధ్యత మనందరిదీ.

రోగి ఒప్పుదల లేకుండా నడిచే వ్యవహారం కొన్ని కేంద్రాల్లోనూ ఉంది. పేరుకు డీ-అడిక్షన్ సెంటర్ అని బోర్డు పెట్టి, వ్యానులో మనిషిని ఎత్తుకుపోయి, నెలల తరబడి గదిలో పెట్టే చోట్లు దేశమంతటా ఉన్నాయి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మత్తుమందుల వల్ల వచ్చే మానసిక స్థితులను జబ్బుగానే లెక్కించింది. అంటే ఆ రోగికీ హక్కులున్నాయి, అతన్ని గొలుసులతో కట్టేయడానికీ కొట్టడానికీ ఎవరికీ అధికారం లేదు. ఇదే చట్టంలో 94వ సెక్షన్ ఉంది. ప్రాణాపాయం ఉన్నప్పుడు, మానసిక వైద్యుడే కానక్కర్లేదు, రిజిస్టరైన ఏ డాక్టరైనా 72 గంటల దాకా అత్యవసర చికిత్స చేయవచ్చు. తాగుడు ఆపాక వచ్చే ఈ బాధ, అంటే విత్‌డ్రాయల్, భయంకరంగా ఉండే వ్యవధి కూడా దాదాపు అంతే. క్యాజువాలిటీలో ఉండే కుర్ర డాక్టర్లకు ఈ సెక్షన్ చదివి వినిపించాలి.

మద్యం చుట్టూ ఈ నేల మీద నడిచినన్ని రాజకీయాలు నడిచిన చోట్లు తక్కువ. 1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతా నిషేధం వచ్చింది, కృష్ణా జిల్లా కూడా అందులో ఉంది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డ ఏడాదికే, 1954 నవంబరులో, టంగుటూరి ప్రకాశం ప్రభుత్వం మద్యనిషేధం గొడవలోనే ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. బెజవాడ బ్యారేజీకి పెట్టింది ఆయన పేరే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. ఆ ఊపు రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరులో సారా ఆగింది. 1995 జనవరిలో ఎన్టీ రామారావు ప్రభుత్వం సంపూర్ణ నిషేధం తెచ్చింది. 1997లో అది పోయింది. 2019 అక్టోబరు నుంచి దుకాణాలు ప్రభుత్వమే నడిపింది. 2020 మేలో ధరలు 75 శాతం పెంచింది. 2024 అక్టోబరులో కొత్త ప్రభుత్వం మళ్లీ ప్రైవేటుకిచ్చి 3,396 దుకాణాలు తెరిపించింది, 99 రూపాయలకు క్వార్టర్ తెచ్చింది.

ఇన్ని దశాబ్దాల వాదనలోనూ అందరూ మాట్లాడింది దుకాణం గురించి. తెరవాలా, మూయాలా, ఎవరు నడపాలి, ఎంతకమ్మాలి. అప్పటికే బానిసైపోయిన మనిషికి ఏ మంచం ఇవ్వాలన్నది ఒక్క ఎన్నికలోనూ ప్రశ్న కాలేదు. దుకాణం మూసిన ప్రతిసారీ ఆ ప్రశ్న క్యాజువాలిటీలోనే ఎదురైంది. 2020 మార్చి చివర లాక్‌డౌన్‌తో షాపులు మూతపడ్డ కొద్దిరోజులకే హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక వైద్యశాల ముందు విత్‌డ్రాయల్ రోగులు బారులు తీరారు. అదే ఏడాది జులై చివర ప్రకాశం జిల్లా కురిచేడులో, కరోనా కట్టడితో మద్యం దొరక్క శానిటైజర్ తాగి పది మందికి పైగా చనిపోయారు. వాళ్లను మూర్ఖులని తిట్టినవాళ్లు చాలామంది. ఒళ్లు ఆ స్థితికి వచ్చాక అది మూర్ఖత్వం కాదు, జబ్బు చేయించే పని. పోలింగు ముగిసే వేళకు ముందు 48 గంటలు షాపులు మూయాలని ఎన్నికల చట్టం చెబుతుంది. ఫిట్స్ వచ్చే వేళకు సరిగ్గా సరిపోయే గడువది. ఎన్నికల ఏర్పాట్లలో ఆసుపత్రులకు కూడా ఒక లైను రాసి పంపాలి.

విజయవాడ కృష్ణలంక వాళ్లు 2015 డిసెంబరు 7ను మరిచిపోరు. స్వర్ణ బార్‌లో తాగినవాళ్లు వరుసగా కుప్పకూలారు. ఐదుగురు చనిపోయారు, చాలామంది ఆసుపత్రుల పాలయ్యారు. ఆ రోజు ఊరంతా కదిలింది. మంత్రులు, అధికారులు, కెమెరాలు వచ్చాయి, ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని వేశారు. అలా కదలడం న్యాయమే. అదే బస్తీల్లో ఏళ్ల తరబడి కామెర్లతో, పొట్ట ఉబ్బి, రక్తం కక్కుకుని ఒక్కొక్కరుగా పోయినవాళ్లకు మాత్రం అత్యవసరం అన్న మాట ఎవరూ వాడలేదు.

ఎయిమ్స్ నిపుణులు దేశమంతా సర్వే చేసి 2019లో ఇచ్చిన నివేదిక ప్రకారం మద్యానికి బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందింది. ఆసుపత్రిలో చేరి చికిత్స పొందింది 180 మందిలో ఒక్కరు. మిగతావాళ్లెవరూ ఏనాడూ ఏ ఆసుపత్రి గడపా తొక్కలేదనుకోవడానికి వీల్లేదు. తొక్కారు, కుట్లకూ కట్లకూ తొక్కారు. వ్యసనం సంగతి మాత్రం ఎవరూ అడగలేదు.

ఇప్పుడు గెయిల్ డొనోఫ్రియో దగ్గరికి మళ్లీ వద్దాం. 2015లో యేల్ విశ్వవిద్యాలయం నుంచి ఆమె బృందం ఇంకో పరిశోధన ప్రచురించింది. ఈసారి హెరాయిన్ తరహా మత్తుకు బానిసలై ఎమర్జెన్సీకి వచ్చిన 329 మంది. కొందరికి చికిత్సా కేంద్రం చిరునామా కాగితం చేతిలో పెట్టారు. నెల తర్వాత చూస్తే వాళ్లలో 37 శాతం చికిత్సలో ఉన్నారు. కొందరితో పది పదిహేను నిమిషాలు కూర్చుని మాట్లాడి, కేంద్రానికి తామే ఫోన్ చేసి కుదిర్చారు. వాళ్లలో 45 శాతం. మూడో గుంపుకు ఆ మాటతో పాటు బుప్రెనార్ఫిన్ అనే మందును ఎమర్జెన్సీలోనే మొదలుపెట్టి పంపారు. వాళ్లలో 78 శాతం నెల తర్వాత కూడా చికిత్సలో ఉన్నారు. మనిషి అదే, జబ్బు అదే. మందు ఆ రాత్రే మొదలైందా లేదా అన్నదే తేడా.

మన దగ్గర పెద్ద సమస్య మద్యం కాబట్టి ఆ అంకెలు యథాతథంగా వర్తించవు. మద్యం విషయంలో పది నిమిషాల మాట ఒక్కటే చాలదని, పరిశోధనల ఫలితాలు అటూ ఇటూగా ఉన్నాయని కూడా చెప్పాలి. అయినా చేయదగ్గ పని అదే దారిలో ఉంది. వణుకు తగ్గించే బిళ్లలు, బి1 ఆ రాత్రే మొదలుపెట్టొచ్చు. కోరిక తగ్గించే నాల్ట్రెక్సోన్, అకాంప్రొసేట్ మన దేశంలో దొరుకుతాయి. లివరూ కిడ్నీలూ చూసుకుని మానసిక వైద్యులు రాస్తారు. తెల్లారాక ఆ రోగిని ఓపీ చీటీ రాయించుకోమని వదిలెయ్యకుండా, ఒక మనిషి వెంటబెట్టుకుని ఆ గది దాకా తీసుకెళ్లాలి. పెద్దాసుపత్రి ఆవరణలో గది వెతుక్కోవడం ఒంట్లో బాగున్నవాడికే కష్టం. వణికే చేతులతో, సిగ్గుతో, జేబులో డబ్బుల్లేకుండా ఉన్నవాడు గేటు వైపే నడుస్తాడు, గేటు బయట దుకాణం ఉంటుంది.

పోలీసంటే భయం ఇంకో అడ్డం. ప్రమాదం కేసు మెడికో లీగల్ అవుతుందని, తాగినట్టు రాస్తే బీమా డబ్బులు రావేమోనని ఇంటివాళ్లు దాస్తారు. ఆ దాచడం వల్ల డాక్టరుకు ఆఖరి గ్లాసు ఎప్పుడో తెలియదు, మూడో రోజు రాత్రి ముంచుకొస్తుంది. చట్టం వైద్యం వైపే ఉంది. కేసు ఏదైనా ముందు ప్రాణం కాపాడాలని పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. గంజాయో మరొకటో వాడి పట్టుబడ్డ మనిషి స్వచ్ఛందంగా చికిత్సకు వస్తే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ పొందే వీలును మత్తుమందుల చట్టంలోని 64ఏ సెక్షన్ ఇస్తోంది. కాలేజీ పిల్లల తల్లిదండ్రుల్లో ఈ మాట తెలిసినవాళ్లు అరుదు.

గంజాయి సంగతి వచ్చింది కాబట్టి చెబుతున్నాను. మన్యం నుంచి బయల్దేరే సరుకుకు జాతీయ రహదారుల కూడలి అయిన విజయవాడ దారిలోనే ఉంది. 2021 సెప్టెంబరులో గుజరాత్ ముంద్రా రేవులో దాదాపు 3,000 కిలోల హెరాయిన్ పట్టుబడ్డప్పుడు దిగుమతి సంస్థ కాగితాల మీద ఉన్నది విజయవాడ చిరునామా. ఊరి పేరు దేశమంతా మోగింది. ఆ తర్వాత రాష్ట్రంలో ఈగిల్ పేరుతో ప్రత్యేక పోలీసు విభాగం వచ్చింది, దాని ఫోన్ నంబరు 1972. పట్టుకోవడానికి అంత పెద్ద యంత్రాంగం పెట్టినప్పుడు, పట్టుబడ్డ కుర్రాడికి ఆ వారంలోనే డాక్టరును చూపించే ఏర్పాటు కూడా అంతే పెద్దగా ఉండాలి. ట్రమడాల్ బిళ్లలను 2018లో మత్తుమందుల చట్టం కిందికి తెచ్చారు. వాటికి అలవాటు పడ్డ పిల్లలకు కూడా చట్టం కన్నా ముందు చికిత్స అందాలి.

ఇక డిశ్చార్జి కాగితం. నా ఉద్దేశంలో మొత్తం వ్యవహారానికి అదే కీలకం. ఇప్పుడు చాలా ఆసుపత్రుల్లో దాని మీద తలకు గాయం, కుట్లు వేశాం, ఐదు రోజులకు రండి అని మాత్రమే ఉంటుంది. దాని మీద ఇంకో నాలుగు లైన్లు తెలుగులో పడాలి. ఆఖరిసారి తాగింది ఎప్పుడు, రోజుకు ఎంత. వణుకు బిళ్లలు ఏ రోజు ఎన్ని. రేపు ఏ గదికి, ఎన్నింటికి, వెంట ఎవరు రావాలి. ఇంటి దగ్గర ఏదైనా అయితే చేయాల్సిన నంబర్లు: మత్తు వ్యసనాలకు 14446, మనసు బాగోకపోతే టెలీ మానస్ 14416. భార్యకు చదువు రాకపోతే నర్సు చదివి వినిపించాలి. బిళ్లల సంచి ఆమె చేతికే ఇవ్వాలి, ఎందుకంటే అవి కూడా ఎక్కువ వేసుకుంటే ప్రమాదమే, మద్యంతో కలిపి వేసుకుంటే మరీ ప్రమాదం.

కార్తీకం వస్తోంది అనగానే ఇక్కడ మగవాళ్లు మాలలు వేసుకుంటారు. అయ్యప్ప మాల కొందరు, ఇంద్రకీలాద్రి అమ్మవారి పేరున భవానీ మాల కొందరు. మండల దీక్ష 41 రోజులు. ఎంత తాగేవాడైనా మాల మెళ్లో పడితే ముట్టడు, అతని మాట మీద ఇల్లంతా నమ్మకంతో ఉంటుంది. తాగుడు మానడానికి మన సమాజం తనంతట తాను ఏర్పరచుకున్న అవకాశాల్లో ఇంతకన్నా బలమైనది నాకు కనిపించలేదు. పొద్దున్నే చన్నీళ్ల స్నానం, ఒంటిపూట భోజనం, తోటి స్వాములు, ఏ దుకాణం ముందూ నిలబడనివ్వని నియమం. వ్యసన చికిత్సలో నెలన్నర పాటు ఏం చేయమంటారో దాదాపు అదంతా ఇందులో ఉంది. లేనిది మొదటి నాలుగు రోజులకు మందు. రోజూ పొద్దున్నే తాగే అలవాటున్నవాడు మాల వేసుకున్న రెండో రోజో మూడో రోజో వణికితే అది అపచారం వల్ల కాదు, అమ్మవారి ఆగ్రహం కాదు. ఉపవాసంతో బి1 ఇంకా తగ్గుతుంది కూడా.

ఆసుపత్రి వాళ్లు ఈ నెలల్లో గురుస్వాములను పిలిచి మాట్లాడాలి. కొత్తగా మాలకు వచ్చిన ప్రతి మనిషినీ గురుస్వామి పక్కకు తీసుకెళ్లి, రోజూ తాగుతావా స్వామీ, పొద్దున్నే చెయ్యి వణుకుతుందా, ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా అని అడగాలి. ఔనంటే మాల వేసే ముందే ఓపీకి పంపాలి. తగ్గిస్తూ ఆపే బిళ్లలూ బి1 దీక్షకు అడ్డం రావు. 41 రోజులు పూర్తయి, ఇరుముడి దించి, మాల తీసే రోజుకు ముందే మళ్లీ ఓపీకి తీసుకెళ్లాలి. నాల్ట్రెక్సోన్ లాంటిది మొదలుపెట్టాలా లేదా అన్నది ఆ రోజే డాక్టరుతో తేల్చుకోవచ్చు. మాల తీసిన సాయంత్రం అతని పక్కన ఇంకో స్వామి ఉండేలా చూడాలి.